బూట్లు విప్పే గది

9 మార్చి 2023

గాలి. కారు తలుపు తీస్తే చేతిలోంచి లాక్కుపోయింది.

మిట్ట నేల. ఆపిల్ చెట్లు నిరుడే పీకేశారట, మొదళ్ళు ఇంకా కుప్పపోసి ఉన్నాయి. పడమట ఆడమ్స్ కొండ, తెల్లగా. ఈ యాకిమా లోయలో ఎటు తిరిగి నిలబడ్డా అది మన వైపే చూస్తుంటుంది.

స్థలం సొంతదారు ముసలాయన, ఎనభై దాటినవాడు. ఐనా మాకంటే ముందు నడిచాడు. వాళ్ళ నాన్న చెట్లకి తెల్లటి మందు కొడుతుంటే పిల్లలంతా ఆ తుంపరలో పరిగెత్తేవాళ్ళట. నవ్వుతూ చెప్పాడు. నాతో పనిచేసే ఆర్. నవ్వలేదు. నా వైపు చూసింది. పుస్తకంలో రాసుకున్నా: మట్టి పరీక్ష.

తోట కూలీల ఇళ్ళు, నలభై వాటాలు పడతాయి. నీళ్ళుంటే.

24 మార్చి

సీసం, ఆర్సెనిక్. రెండూ ఉన్నాయి.

లెడ్ ఆర్సెనేట్. డీడీటీ రాకముందు, 1940ల చివరిదాకా ఆపిల్ పురుగుకి ఇదే మందు. చెట్లు పోయాయి, కొట్టినవాళ్ళు పోయారు, మందు మాత్రం పై మట్టిలో కూర్చుంది. కిందికి దిగదు, వానకి కొట్టుకుపోదు. తవ్వి తీసెయ్యాలి, లేదా అడుగు మట్టితో కలిపి పలచన చెయ్యాలి, లేదా పైన కప్పెయ్యాలి. దేనికైనా డబ్బే.

నాన్న గుర్తొచ్చాడు. లుంగీ ఎగ్గట్టి, ముక్కుకి తువ్వాలు చుట్టి, మిరప సాళ్ళలో వెనక్కి నడుస్తూ. మా చేలో పై అడుగు మట్టిలో ఏముందో ఎవరన్నా చూశారా? చూస్తే ఎవరికి చెప్తారు?

2 ఏప్రిల్

అమ్మ ఫోను.

"ఇంకా ఆ అద్దె కొంపేనా?"

జె-1 వీసా మాఫీకి ఈయన ఇక్కడ చెయ్యాల్సిన మూడేళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఈయనకి ఈ ఆసుపత్రి అలవాటైంది. గ్రీన్ కార్డు వరస కదలదు. ఉంటామో పోతామో తెలియని ఊళ్ళో ఇల్లు కొంటారా ఎవరన్నా? ఇదంతా అమ్మకి చెప్పి చెప్పి విసుగొచ్చింది. చెప్పలేదు.

"పేదోళ్ళకి ఇళ్ళు కడతన్నావంటగా. పట్టాలెప్పుడిస్తారు?"

పట్టాలుండవమ్మా, అద్దెకి.

కాసేపు మాట లేదు. లైను పోయిందనుకున్నా.

"గవర్నమెంటు ఇల్లు కట్టి అద్దె వసూలు చేసుద్దా? అదేం గవర్నమెంటే, షావుకారా?"

11 మే

బావి తవ్వుకోవచ్చు, పర్మిటు అక్కర్లేదు. రోజుకి 5,000 గ్యాలన్లు దాటకపోతే. నలభై కుటుంబాలు, నాలుగేసి పడకగదులు, మట్టిలోంచి వచ్చే మనుషుల స్నానాలు. ఏ మూలకి?

సరిపోయినా ఆ నీళ్ళు వద్దు. కింది లోయ బావుల్లో నైట్రేట్లు. డెయిరీల పేడ, పొలాల ఎరువు. లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళతో పసిబిడ్డకి పాలు కలపకూడదు. మేం కట్టేదే పసిబిడ్డలున్న వాళ్ళకి.

కాబట్టి టౌను పైపు. అది మన రోడ్డు దాకా రాదు. తెచ్చుకోవాలి. మురుగు పైపులో చోటుందో లేదో వాళ్ళ ఇంజనీరు తేల్చాలి, ఆయన సెలవులో ఉన్నాడు.

ఇక్కడ నదీజలాల కేసు 1977లో మొదలై 2019లో తేలింది. సాగర్ కుడికాలువ చివరి తూములో పుట్టినదాన్ని, నాకెవరూ వింతగా చెప్పక్కర్లేదు.

19 జూన్

చెర్రీ కోతలు. ఎండెక్కితే కాయ మెత్తబడుతుంది, చీకటుండగానే నిచ్చెనలు ఎక్కేస్తారు. పదకొండు గంటలకి పని బందు. ఆ తర్వాత ఎక్కడుంటారు?

ఆర్. తీసుకెళ్ళి చూపించింది. నది ఒడ్డున కార్లు. వెనక సీట్లు మడిచి పరుపు, అద్దాలకి తువ్వాళ్ళు. ఒకామె చిన్న గ్యాసు పొయ్యి మీద టోర్టియాలు కాలుస్తోంది. నన్ను చూసి ఏదో అడిగింది. ఆర్. పకపకా నవ్వింది.

"నువ్వు ఏ తోటలో కోస్తున్నావని అడుగుతోంది."

ఒకటి చేతిలో పెట్టింది. వేడిగా ఉంది, జొన్నరొట్టె మందం. తినేశా.

మార్కెట్ స్టడీ ఫారంలో చుట్టుపక్కల అద్దె ఇళ్ళు ఎన్ని ఖాళీ అని గడి ఉంది. కార్లకి గడి లేదు.

6 అక్టోబర్

పొద్దున్నుంచి పార గుంతలు. వరసగా, దారం కట్టి. పాత ఆనవాళ్ళ కోసం తీసిన మట్టిని జల్లెడ పడుతున్నారు. ఆర్కియాలజిస్టు పిల్ల, ఈ నేల ఆదివాసుల యాకమా నేషన్ తరఫున ఒక పెద్దాయన.

తుప్పు తీగ, సీసా పెంకు, గుర్రపునాడా ముక్క. అంతే. మా డైరెక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

పెద్దాయన వెళ్ళలేదు. చివరి గుంత పక్కన చాలాసేపు నిలబడ్డాడు. 1855 ఒప్పందంలో ఈ నేలంతా పోయింది వాళ్ళకి.

"ఏం కడతారు?"

అద్దె ఇళ్ళు.

"ఎవరికి?"

తోట కూలీలకి.

తలూపాడు. ఒప్పుకున్నట్టా? విన్నట్టా?

14 నవంబర్

ఇళ్ళ అనుమతికి హియరింగు. కుర్చీలు చాల్లేదు, గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

ట్రాఫిక్. బడిలో సీట్లు. పార్కింగు. వాననీళ్ళు. ఇక్కడ వానే పడదు! మనుషుల గురించి మాత్రం ఒక్కరూ పేరెత్తలేదు, చాలా మర్యాద. ఒకావిడ అంది, "వాళ్ళు కష్టజీవులు, కాదనను. ఆ చోటు మాత్రం వద్దు." ఏ చోటైతే సరేనో ఎవరూ అడగలేదు.

చివర్లో ఒక హాప్స్ రైతు లేచాడు. టోపీ తియ్యలేదు. దేశంలో పండే హాప్స్‌లో ముప్పాతిక మన లోయదేనని గొప్పలు చెప్పుకుంటాం కదా, అవి కోసేవాళ్ళు ఎక్కడ పడుకుంటారో నన్నడగండి, అన్నాడు. నా షెడ్డులో, అన్నాడు. కూర్చున్నాడు.

చప్పట్లు లేవు. ఓటింగులో గట్టెక్కింది.

15 నవంబర్

నిద్ర లేదు. ఆ ఒక్క మాట పట్టుకుంది. నా షెడ్డులో.

నాన్న పొగాకు మానేసి మిరప వేశాక బ్యారన్ ఖాళీగా ఉండేది. మిరప కోతలకి సుగ్గి, అంటే వలస, వచ్చిన వాళ్ళని అందులో దింపేవాళ్ళు. ఆదోని, కోసిగి అటువైపు వాళ్ళు. సంక్రాంతి కాగానే దిగి, కోతలయ్యాక ఉగాది అటూఇటూ పోయేవాళ్ళు. బ్యారన్‌కి కిటికీలుండవు. ఆకు పండటానికి కట్టింది, మనుషులకి కాదు.

నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. తమ్ముణ్ణి చంకనేసుకుని కళ్ళాల దగ్గర కూర్చునేది. బడికి పిలిస్తే రాలేదు. మా కుక్క పేరు దానికి తెలుసు. దాని పేరు నాకు...

20 జనవరి 2024

డబ్బు లెక్కలు. శనివారం కూడా.

ఒక్క బిల్డింగుకి ఎన్ని సంచుల్లోంచి తియ్యాలి! పన్ను రాయితీ, 1986 నాటిది. రాష్ట్రం ట్రస్టు ఫండు. వ్యవసాయ శాఖ 514 అప్పు, ఒక్క శాతం వడ్డీ, 33 ఏళ్ళు. దానికి జతగా 516 గ్రాంటు. కౌంటీ వాళ్ళ చిల్లర. ప్రతి సంచీ మిగతావి నిండాయా అని అడుగుతుంది. ముందు వాళ్ళ ఉత్తరం తెమ్మని వీళ్ళు, వీళ్ళ ఉత్తరం తెమ్మని వాళ్ళు. ఒక్కోదానికి ఒక్కో గడువు, ఒక్కో ఇన్స్పెక్షను, ఒక్కో కూలిరేటు పట్టిక.

ఈయన అన్నం తింటూ అడిగాడు, పన్ను రాయితీతో గోడలెట్లా లేస్తాయని. చెప్పా. బ్యాంకు ఇప్పుడు మాకు డబ్బిస్తుంది, దానికి పదేళ్ళపాటు పన్ను తగ్గుతుంది.

"అంటే ఇచ్చేది సర్కారేగా."

ఔను.

"మరి సర్కారే కట్టొచ్చుగా?"

అమ్మకి తగ్గ అల్లుడు.

3 ఫిబ్రవరి

ప్లాను మీద రంగులేశాం. పచ్చవి వ్యవసాయ శాఖ డబ్బుతో లేచే వాటాలు. వాటిలో చేరాలంటే పొలం పని చేస్తున్నట్టు చూపాలి, దేశంలో ఉండే కాగితాలు చూపాలి. వాటికే అద్దె సాయం, సంపాదనలో 30 శాతం మించి కట్టక్కర్లేదు. నీలంవి వట్టి పన్ను రాయితీవి. ఆదాయం చూస్తారు, కాగితాలు అడగరు. అద్దె మాత్రం పూర్తిగా కట్టాల్సిందే.

పచ్చకీ నీలానికీ మధ్య ఒకటే గోడ.

నది ఒడ్డున టోర్టియా ఇచ్చినామె ఏ రంగు? తెలియదు. అడగకూడదని ఆర్. ఆ రోజు కారు దిగేముందే చెప్పింది. ఆర్. వాళ్ళ నాన్న ఏ రంగుగా ఉండి ఈ లోయలో ఎన్నేళ్ళు కోశాడో కూడా నేను అడగలేదు.

27 మార్చి

డబ్బు రాలేదు. ఒక్క పాయింటు తక్కువైంది.

ఆర్. మధ్యాహ్నం తమాలెస్ తెచ్చింది. ఎవరూ మాట్లాడకుండా తిన్నాం.

4 ఏప్రిల్

మళ్ళీ వచ్చే విడతకి పెట్టాలి. అంటే మార్కెట్ స్టడీ మళ్ళీ, అంచనాలు మళ్ళీ, స్థలం అగ్రిమెంటు పొడిగింపు.

ముసలాయన దగ్గరికి నేనే వెళ్ళా. కళ్ళజోడు వెతుక్కుని సంతకం పెట్టాడు. పక్కన ద్రాక్షతోట వాళ్ళు ఎక్కువ ఇస్తామంటున్నారట. ఎందుకు ఇవ్వలేదు మరి? "మీ కాగితాలు చాలా ఉన్నాయి, చదవడం మధ్యలో ఉన్నాను" అన్నాడు.

18 జూన్

అమ్మ నరసరావుపేటలో అద్దెకి దిగింది! మోకాళ్ళు. ఊళ్ళో ఇంటికి మెట్లెక్కువ, డాక్టరు దూరం. తమ్ముడు చూసి పెట్టాడు. లిఫ్టు ఉందట, మున్సిపాలిటీ నీళ్ళు బాగుంటాయట, పక్కింటావిడ మాచర్లట.

"ఇంటావిడ మేకు కొట్టనియ్యట్లేదే," అంది. "మీ నాన్న ఫోటో ఎక్కడ పెట్టను?"

30 ఆగస్టు

పొగ. కొండ కనిపించట్లేదు. ఎక్కడో అడవి కాలుతోంది.

హాప్స్ కోతలు మొదలు. ఊరంతా ఆ చేదు వాసన.

ఈ ఏడాది నుంచి తోటల్లోనూ వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర కూలి. మంచి చట్టం. ఎన్నేళ్ళ కొట్లాటో. ఆర్. తమ్ముడి రైతు 40కే ఆపేశాడు. అతను ఇంకో తోట పట్టుకున్నాడు. ఇప్పుడు రెండు తోటలు, రెండు చెక్కులు, ఓవర్‌టైము ఎక్కడా లేదు. అద్దె దరఖాస్తులో సంవత్సరాదాయం రాయమంటే ఏం రాస్తాడు? చెర్రీకి బుట్ట లెక్క, ఆపిల్‌కి బిన్ను లెక్క, జనవరిలో సున్నా.

ఆదాయం లెక్కకట్టే ట్రైనింగులో అన్నీ నెలజీతాల ఉదాహరణలే.

12 డిసెంబర్

ఈ విడత డబ్బు వచ్చింది!

అరిచాను. కింద వాటా వాళ్ళు పైకి చూసి ఉంటారు.

ముసలాయనకి ఫోను చేస్తే కూతురు ఎత్తింది. అక్టోబర్లో పోయాడట. మాకెవరూ చెప్పలేదు. అగ్రిమెంటు సంగతి నేనెత్తకముందే ఆమె ఎత్తింది. "నాన్న సంతకం పెట్టాడుగా."

ఆయన చదవడం పూర్తి చేశాడా?

28 జనవరి 2025

ఫెడరల్ గ్రాంట్లు, అప్పులు అన్నీ ఆపమని నిన్న సాయంత్రం వాషింగ్టన్ నుంచి మెమో. పొద్దున్నే ఆఫీసులో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

"మన డబ్బు ఉన్నట్టా, లేనట్టా?" డైరెక్టరు.

కాగితం మీద ఉందన్నా. అప్పటికి అదే నిజం.

30 జనవరి

మెమో వెనక్కి తీసుకున్నారు. కోర్టులు కూడా మధ్యలో వచ్చాయి. ఏమీ మారలేదంటున్నారు.

బ్యాంకు మనిషి ఫోను మాత్రం మారింది. ఇన్నాళ్ళూ "ఎప్పుడు" అని అడిగేవాడు. ఇవాళ "ఒకవేళ" అని మొదలుపెట్టాడు.

17 జూన్

స్టీలు మీద సుంకం 50 శాతానికి ఎక్కింది. కాంట్రాక్టరు తగ్గింపుల జాబితా తెచ్చాడు. మొదటి వరసలోనే: బూట్లు విప్పే గది.

ఎక్కువ అడిగానా? తలుపు దగ్గర ఇంత చోటు, ఒక బెంచీ, ఒక కుళాయి, మురికి బట్టలకి విడిగా గూడు. తోటల్లో కొట్టిన మందు బూట్లకీ బట్టలకీ అంటుకుని ఇంట్లోకి వస్తుందని, ఇళ్ళలో దుమ్ములో, పిల్లల మూత్రంలో ఆ ఆనవాళ్ళున్నాయని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఈ లోయలోనే తేల్చారు. పేపర్లు కూడా తీసుకెళ్ళా మీటింగుకి.

"బాగుంటుంది, కాదనను," అన్నాడు. "ఇంతవరకూ నేను కట్టిన ఏ కాంప్లెక్సులోనూ లేదు."

ఒక్కో వాటాకి తగ్గే చదరపుటడుగులు, దాన్ని నలభైతో గుణించిన అంకె. అంకె పెద్దదే. పేపర్లు మూసేశా.

చివరికి బాల్కనీలు పోయాయి. కార్ల మీద కప్పు పోయింది. బూట్లు విప్పే గది గది కాకుండా వసారా అయింది. పైన రేకు, పక్కన ఒకటే గోడ, బెంచీ, కుళాయి. జనవరిలో ఆ కుళాయి బిగుసుకుపోదా? గడ్డకట్టని రకం పెడతామన్నాడు. ఆర్. గట్టిగా అంది, "రాసివ్వండి." రాసిచ్చాడు.

 

24 అక్టోబర్

ఫెడరల్ ఆఫీసులు 1వ తేదీ నుంచి మూత. మాకు కావలసింది ఒక్క సంతకం. ఫోను మోగి మోగి ఆగిపోతోంది. రెండోవైపు వడ్డీరేటు గడువు ఎవరికోసమూ ఆగదు.

ఆర్. దగ్గరికి ఒకతను వచ్చాడు, చేతిలో ఆపిల్ సంచి, వెనక ఇద్దరు పిల్లలు. పేరు రాసుకోమంటాడు. ఇంకా నేలే తవ్వలేదు, పేర్లు రాసుకునేది 2027లోనని చెప్పింది. సంచి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. హనీక్రిస్పులు. ఆఫీసు రూలు ప్రకారం తీసుకోకూడదు.

తిన్నాం.

13 నవంబర్

తెరిచారు, నిన్న రాత్రి. సంతకం పెట్టే ఆవిడ పొద్దున్నే ఫోనెత్తింది. నాలుగు వందల మెయిళ్ళ కింద ఉన్నారు మీరు, తవ్వుతున్నా, అంది. ఆమెకి ఈ నెలన్నర జీతం రాలేదు. ఆమె ఇంటి అద్దె?

9 డిసెంబర్

సంతకాలయ్యాయి. పేజీలు తిప్పి తిప్పి బొటనవేలు నల్లబడింది. ఒక కాగితంలో నలభై ఏళ్ళ మాట ఉంది. అప్పటిదాకా ఈ వాటాలు అమ్మడానికి లేదు, అద్దెలు ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు. నలభై ఏళ్ళ తర్వాత? ఆ పేరా ఎవరూ బయటికి చదవలేదు. 1970లు, 80ల్లో వ్యవసాయ శాఖ అప్పుతో పల్లెల్లో కట్టించిన అద్దె ఇళ్ళ బాకీలు ఇప్పుడు తీరిపోతున్నాయి. బాకీ తీరితే అద్దె సాయమూ తీరిపోతుంది. బాకీ తీరకుండా ఉండాలని కోరుకునే అద్దెవాళ్ళు!

సాయంత్రం స్థలం దగ్గరికి వెళ్ళా. పై మట్టి గీకుతున్నారు. దుమ్ము లేవకుండా నీళ్ళ లారీ ముందూ వెనకా తిరుగుతోంది. డ్రైవరు నన్ను చూసి కిటికీ మూసుకోమని చెయ్యి ఊపాడు.

11 జనవరి 2026

అమ్మ. భోగి పిడకల సంగతి, మోకాళ్ళ సంగతి అయ్యాక అసలు సంగతి.

ఊళ్ళో ఇల్లు తాళమేసి ఉందిగా. మిరప ధర పడ్డాక చాలామంది పంట తగ్గించారు, ఐనా కోతకి సుగ్గివాళ్ళు వస్తున్నారు. మేస్త్రి వచ్చి మూడు నెలలు ఇల్లిమ్మని అడిగాడట. మూడు కుటుంబాలు. బ్యారన్ పైకప్పు కూలి చాలాకాలమైంది.

"ఊరికే ఇస్తే మళ్ళీ కదలరంటన్నాడు మీ తమ్ముడు. ఎంత తీసుకోమంటావు? మీరక్కడ ఎంత తీసుకుంటారు?"

వాళ్ళ సంపాదనలో 30 శాతం.

"వాళ్ళ సంపాదన నాకెట్టా తెలుసుద్ది? కేజీల లెక్క. రశీదులుంటయ్యా ఏమన్నా?"

ఉండవు.

"మరి?"

ఎంతమంది పిల్లలని అడిగా. తెలియదంది. నీళ్ళు? పంచాయతీ కుళాయి ఉందిగా. కరెంటు? మీటరు నా పేరు మీదే, చూస్తా. లోపలి గదులు మాత్రం ఇవ్వదట, మంచాలు, నాన్న బీరువా ఉన్నాయి. ముందు వసారా, వంటిల్లు, పెరడు.

బాత్రూము తాళం ఎవరి దగ్గరుంటుంది, అని అడిగా.

"అదంతా మేస్త్రి చూసుకుంటాళ్ళే," అంది.